ఒకే ఇరుసు మీద రెండు నిర్ణయాలు

సొంతంగా ఆంప్లిఫయర్లు, మిక్సర్లు కట్టుకునేవారు సర్క్యూట్ మీద పెట్టే శ్రద్ధలో సగమైనా ముందు ప్యానెల్ మీద పెట్టరు. నాబ్ లోపల నాబ్ ఉండే కాన్సెంట్రిక్ కంట్రోల్‌ను బిగించాలంటే ఆ శ్రద్ధ లేకుండా కుదరదు. ఆ భాగాన్ని ఎలా ఎంచుకోవాలి, ఎలా బిగించాలి, వైర్లు ఎలా కలపాలి? మద్రాసు దగ్గరి తామరైపాక్కం నుంచి రిచీ స్ట్రీట్ భాగాల బజారు దాకా సాగే ముఖచిత్ర కథనం.

తమిళుల ఆడి నెల వచ్చిందంటే తామరైపాక్కం చుట్టూ ఉన్న ఊళ్లలో అమ్మవారి గుళ్ల ముందు అంబలి కాగుతుంది, వేపాకు తోరణం ఊగుతుంది, మైక్ సెట్ మోగుతుంది. పెరియపాళయం భవానమ్మ గుడి దగ్గర ఆ నెల ఆదివారాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. అలాంటి చోట పాడే మనిషి మైకును కాస్త స్పీకర్ వైపు తిప్పితే చాలు, చెవులు చిల్లులు పడేలా కూత మొదలవుతుంది. స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దమే మైకులోకి దూరి, ఆంప్లిఫయర్‌లో పెరిగి, మళ్లీ స్పీకర్‌లోంచి బయటికి వస్తుంది. అలా తిరిగి తిరిగి ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర అదుపు తప్పుతుంది. ఆ కూత పుట్టేది అక్కడే.

మిక్సర్ ముందు కూర్చున్న ఆపరేటర్ క్షణాల్లో రెండు సంగతులు తేల్చుకోవాలి. కూత ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఉంది? అక్కడ ఎంత తగ్గించాలి? మొత్తం వాల్యూమ్ తగ్గిస్తే కూతతో పాటు పాట కూడా పోతుంది. ఫ్రీక్వెన్సీ ఎంచుకునే నాబ్ ఒకచోట, తగ్గించే నాబ్ మరోచోట ఉంటే ఒక చేతికి అవి రెండూ అందవు, చూపు కూడా అటూ ఇటూ పోవాలి. రెండూ ఒకే ఇరుసు మీద ఉంటే వెలుపలి రింగ్‌తో చోటు పట్టుకోవచ్చు, చెయ్యి తీయకుండానే లోపలి నాబ్‌తో కోత పెట్టవచ్చు. కలిసి తీసుకోవాల్సిన రెండు నిర్ణయాలను ఒకే చేతికింద పెట్టడమే కాన్సెంట్రిక్ కంట్రోల్ చేసే మేలు.

చేతిపనికి అనువైన నేల

తామరైపాక్కం పేరు చెబితే మద్రాసు వాళ్లకు కుశస్థలి నది మీది ఆనకట్ట గుర్తొస్తుంది. నది నీటిని చోళవరం చెరువు వైపు మళ్లించి నగరానికి అందించే ఏర్పాటులో అదొక భాగం. ఎలక్ట్రానిక్స్ అభిమానికి మాత్రం ఈ ఊరికి ఇంకో సౌకర్యం ఉంది. ఒకవైపు తిరువళ్లూరు, మరోవైపు రెడ్‌హిల్స్. ఇంకాస్త ముందుకెళ్తే 1960ల్లో వెలిసిన అంబత్తూరు పారిశ్రామికవాడ, అక్కడి లేత్ షాపులు, డ్రిల్లింగ్ యంత్రాలు. తిరువళ్లూరులో లోకల్ ట్రైన్ ఎక్కితే మద్రాసు సెంట్రల్, అక్కడికి దగ్గర్లోనే మౌంట్ రోడ్డును ఆనుకుని రిచీ స్ట్రీట్. భాగాలు కొనే చోటు, లోహం కోయించే చోటు రెండూ ఇంత దగ్గర్లో ఉన్న పల్లెలు దక్షిణాదిన ఎక్కువ లేవు.

ఈ ప్రాంతంలో తెలుగు వినిపించడం కొత్తేమీ కాదు. తిరుత్తణి 1960 ఏప్రిల్ 1 వరకు ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు జిల్లాలోదే. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తిరువళ్లూరు, తిరుత్తణి పల్లెల్లో ఇప్పటికీ ఉన్నాయి.

రేడియోను అభిరుచిగా పట్టుకున్నవాళ్ల చరిత్ర కూడా మద్రాసుకు గట్టిదే. 1924 మే నెలలో సి.వి. కృష్ణస్వామి చెట్టి చొరవతో మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ పుట్టింది. ఆ ఏడాది జూలై 31న 40 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు మొదలుపెట్టింది. డబ్బు చాలక 1927లో క్లబ్ మూతపడితే ట్రాన్స్‌మిటర్ నగర కార్పొరేషన్‌కు చేరింది. 1930 నుంచి కార్పొరేషనే ప్రసారాలు నడిపింది. 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. 1948 డిసెంబర్ 1న విజయవాడ కేంద్రం మొదలయ్యేదాకా మద్రాసు నుంచి వచ్చే తెలుగు కార్యక్రమాలే ఆంధ్ర శ్రోతలకు ఆధారం. ప్రభుత్వం కంటే ముందు, వ్యాపారుల కంటే ముందు ఈ గడ్డ మీద ఆకాశవాణిని మోగించింది అభిరుచి గలవాళ్లే. ఇంట్లో బల్ల మీద టంకం వేసుకుంటూ కూర్చునే కుర్రాడు ఆ వరసలోవాడే.

లోపల ఏముంది?

గోడ గడియారంలో గంటల ముల్లు బోలు గొట్టం మీద, నిమిషాల ముల్లు ఆ గొట్టం లోంచి వచ్చే కడ్డీ మీద తిరుగుతాయి. కాన్సెంట్రిక్ కంట్రోల్ సరిగ్గా అలాంటి ఏర్పాటే. ప్యానెల్‌కు దగ్గరగా ఉండే మొదటి భాగానికి బోలు షాఫ్ట్ ఉంటుంది, దాని మీద వెలుపలి రింగ్ కూర్చుంటుంది. దాని వెనక ఉండే రెండో భాగం నుంచి సన్నని కడ్డీ బయలుదేరి, మొదటి భాగం గుండా వచ్చి, కొసన లోపలి నాబ్‌ను మోస్తుంది. కాబట్టి రింగ్‌తో ఫ్రీక్వెన్సీ ఎంచుకోవాలంటే రోటరీ స్విచ్ ముందు, పాట్ (తిప్పితే విలువ మారే రెసిస్టర్, పొటెన్షియోమీటర్) వెనక ఉండాలి. ఈ వరస కొనేముందే తేల్చుకోవాలి, బిగించాక మార్చడం కుదరదు.

కొనేవాళ్లు తరచూ పొరబడే చోటు ఒకటుంది. స్టీరియో వాల్యూమ్‌కు వాడే డ్యూయల్ గ్యాంగ్ పాట్‌కు ఆరు కాళ్లు. రెండు పాట్‌లున్న కాన్సెంట్రిక్‌కూ ఆరు కాళ్లే. వెనక నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటిదాంట్లో ఒకే షాఫ్ట్ రెండు ట్రాక్‌లనూ కలిపి తిప్పుతుంది. రెండోదాంట్లో రెండు షాఫ్ట్‌లు విడివిడిగా తిరుగుతాయి. షాఫ్ట్ కొస చూసి, లోపలి కడ్డీని విడిగా తిప్పి చూసుకున్నాకే డబ్బులివ్వాలి.

రెండు నాబ్‌ల వెనక పెద్ద చరిత్ర

రికార్డింగ్ ప్రపంచంలో ఈ అమరికకు పేరు తెచ్చినవాటిలో ముందు వరసలో ఉండేది నీవ్ 1073. ఇంగ్లండ్‌లో రూపర్ట్ నీవ్ కంపెనీ 1970లో తెచ్చిన మైక్ ప్రీఆంప్లిఫయర్, ఈక్వలైజర్ అది. దాని మధ్యస్థాయి బ్యాండ్‌లో వెలుపలి రింగ్ 360 హెర్ట్జ్, 700 హెర్ట్జ్, 1.6, 3.2, 4.8, 7.2 కిలోహెర్ట్జ్ అనే ఆరు ఫ్రీక్వెన్సీల్లో ఒకదాన్ని ఎంచుకుంటుంది. లోపలి నాబ్ ఆ చోట శబ్దాన్ని 18 డెసిబెల్స్ దాకా పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. కింది బ్యాండ్‌కూ అదే ఏర్పాటు. 35, 60, 110, 220 హెర్ట్జ్‌లలో ఒకటి ఎంచుకోవచ్చు, 16 డెసిబెల్స్ దాకా పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు.

ఫ్రీక్వెన్సీకి స్విచ్, మోతాదుకు పాట్ ఎందుకు? ఆ ఈక్వలైజర్ మధ్యస్థాయి బ్యాండ్‌లో ఫ్రీక్వెన్సీని నిర్ణయించేవి ఇండక్టర్ చుట్లు, కెపాసిటర్లు. స్విచ్‌లోని ప్రతి మెట్టూ వాటిలో ఒక జతను సర్క్యూట్‌లోకి తెస్తుంది. అది మెట్లుగానే మారాలి. మోతాదు అలా కాదు, చెవి చెప్పినచోట ఆగాలి. అందుకే అక్కడ ట్రాక్ మీద జారే పాట్ కావాలి. ప్రపంచమంతటా ఔత్సాహికులు ఈ సర్క్యూట్‌ను ఇంట్లో కట్టుకుంటున్నారు. వాళ్లకు అన్నిటికంటే కష్టంగా దొరికే భాగాల్లో ఈ జంట స్విచ్ ఒకటి.

ఆడియోకు బయట కూడా ఇది కొత్తది కాదు. టెక్‌ట్రానిక్స్ ఆసిలోస్కోపుల్లో వోల్టేజీ మెట్లు మార్చే పెద్ద నాబ్ మధ్యలో, ఆ మెట్ల నడుమ సర్దుకోడానికి చిన్న ఎర్ర నాబ్ ఉండేది. ఫెండర్ కంపెనీ 1960లో తెచ్చిన జాజ్ బేస్ గిటార్ మొదటి మోడళ్లలో ఒక్కో పికప్‌కు వాల్యూమ్, టోన్ ఒకే ఇరుసు మీద ఉండేవి. పాత కార్ రేడియోల్లో రెండువైపులా ఉండే కడ్డీల్లో ఒకదాని మీద వాల్యూమ్ నాబ్, దాని చుట్టూ టోన్ లేదా బ్యాలెన్స్ రింగ్ చాలామందికి తెలిసినవే. చోటు తక్కువ, చెయ్యి ఒకటే, పనులు రెండు అయిన ప్రతిచోటా ఇంజనీర్లు ఈ ఏర్పాటుకే వచ్చారు.

రిచీ స్ట్రీట్‌కు కొలతలతో వెళ్లాలి

రిచీ స్ట్రీట్, దాన్ని ఆనుకున్న నరసింగపురం వీధి, మీరాన్ సాహెబ్ వీధి. ఈ మూడింటిలో తిరిగితే రెసిస్టర్ నుంచి స్పీకర్ కోన్ దాకా దొరకని వస్తువు తక్కువ. మామూలు కార్బన్ పాట్‌లు, '2 పోల్ 6 వే', '1 పోల్ 12 వే' రోటరీ స్విచ్‌లు సులభంగానే దొరుకుతాయి. పాట్, స్విచ్ ఒకే ఇరుసు మీద ఉన్నవి కొత్తవి కనపడటం అరుదు. పాత టెస్ట్ పరికరాలు, కార్ స్టీరియోలు విప్పి అమ్మేచోట వెతకాలి. అక్కడికి ఏమీ తెలియకుండా వెళ్తే దొరికింది తెచ్చుకుని బాధపడటమే. డిజిటల్ క్యాలిపర్, మల్టీమీటర్ సంచిలో ఉండాలి.

ముందు షాఫ్ట్ కొలవాలి. మెట్రిక్ రకంలో వెలుపలి షాఫ్ట్ సాధారణంగా 6 మిల్లీమీటర్లు, లోపలిది 4. అంగుళాల రకంలో వెలుపలిది పావు అంగుళం, అంటే 6.35 మిల్లీమీటర్లు, లోపలిది 3.18. పావు అంగుళం నాబ్‌ను 6 మిల్లీమీటర్ల షాఫ్ట్ మీద పెడితే స్క్రూ ఎంత బిగించినా పక్కకు ఒరుగుతుంది, తిరిగేటప్పుడు ఊగుతుంది. జంట నాబ్‌లో ఆ ఊగుడు లోపలి నాబ్ రింగ్‌కు రాసుకునేదాకా పోతుంది. అందుకే నాబ్‌ల జత కూడా కంట్రోల్‌తో పాటే కొనాలి. విడిగా తర్వాత వెతికితే సరిపోయే జత దొరకడం మహా కష్టం.

తర్వాత ట్రాక్. వాల్యూమ్‌కు లాగ్ పాట్, బేస్, ట్రెబుల్ లాంటి పెంచే, తగ్గించే కంట్రోళ్లకు ఎక్కువగా లీనియర్ పాట్ వాడతారు. పీటర్ బాక్సండాల్ 1952లో వైర్‌లెస్ వరల్డ్ పత్రికలో ప్రకటించిన టోన్ కంట్రోల్ ఇప్పటికీ ఎన్నో ఆంప్లిఫయర్లలో ఉంది. దాని సాధారణ రూపంలో లీనియర్ పాట్‌ను మధ్యలో ఆపితే శబ్దం మార్పులేకుండా పోతుంది. ఆసియా తయారీలో 'ఎ' అంటే లాగ్, 'బి' అంటే లీనియర్. పాత యూరప్ భాగాల్లో ఇది తారుమారుగా ఉండవచ్చు. అక్షరాన్ని నమ్మకుండా మీటర్‌ను నమ్మాలి. 100 కిలో ఓమ్స్ పాట్‌ను సరిగ్గా సగం తిప్పి, మొదటి కాలికీ మధ్య కాలికీ నడుమ కొలిస్తే లీనియర్ 50 కిలో ఓమ్స్ దగ్గర చూపుతుంది. లాగ్ అయితే 10 నుంచి 15 కిలో ఓమ్స్ దగ్గర ఉంటుంది. మన చెవి శబ్దాన్ని నిష్పత్తుల్లో వింటుంది. దాదాపు 10 డెసిబెల్స్ పెరిగితే రెండింతలైనట్టు అనిపిస్తుంది. లాగ్ ట్రాక్ ఆ చెవి తీరును అనుసరిస్తుంది.

స్విచ్‌కు సంబంధించి ఇంకో ప్రశ్న అడగాలి: ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు పోయేటప్పుడు పాత కాంటాక్ట్‌ను వదిలి కొత్తదాన్ని పట్టుకుంటుందా, కొత్తదాన్ని పట్టుకున్నాకే పాతదాన్ని వదులుతుందా? మొదటిది నాన్ షార్టింగ్, రెండోది షార్టింగ్. టేప్, రేడియో, ఫోన్ లాంటి ఇన్‌పుట్‌లు మార్చడానికి నాన్ షార్టింగ్ కావాలి, లేకపోతే రెండు పరికరాల అవుట్‌పుట్‌లు క్షణంపాటు ఒకదానికొకటి తగులుతాయి. గెయిన్ మార్చే స్విచ్‌కు షార్టింగ్ కావాలి. అక్కడ క్షణంపాటు ఫీడ్‌బ్యాక్ దారి తెగితే ఆంప్లిఫయర్ గెయిన్ ఒక్కసారిగా ఎగిసి స్పీకర్‌లో దబ్బుమని మోగుతుంది. షార్టింగ్ స్విచ్ దొరకకపోతే ఫీడ్‌బ్యాక్ దారిలో ఎప్పుడూ ఉండేలా ఒక పెద్ద విలువ రెసిస్టర్‌ను అడ్డంగా వేయాలి. ఈ తేడా కళ్లకు కనిపించదు. మీటర్‌ను 'బీప్'లో పెట్టి నాబ్‌ను మెల్లగా రెండు మెట్ల మధ్యకు తెస్తే తెలిసిపోతుంది.

ప్యానెల్ మీద గీత, ఆ తర్వాతే డ్రిల్

పెద్ద బుష్ (షాఫ్ట్ చుట్టూ ఉండే మర గొట్టం) ఉన్న కంట్రోళ్లకు మూడెనిమిదుల అంగుళం మర ఉంటుంది, వాటికి 10 మిల్లీమీటర్ల రంధ్రం సరిపోతుంది. చిన్న 16 మిల్లీమీటర్ల పాట్‌లలో చాలావాటికి బుష్ 7 మిల్లీమీటర్లే. రంధ్రం కేంద్రాన్ని సెంటర్ పంచ్‌తో కొట్టి, 3 మిల్లీమీటర్ల బిట్‌తో దారి చేసి, ఆ తర్వాత మెట్లమెట్లుగా పెంచుకుంటూ పోవాలి. నేరుగా పెద్ద బిట్ పెడితే పల్చటి అల్యూమినియంలో రంధ్రం మూడు మూలలుగా వస్తుంది. డ్రిల్లింగ్ పూర్తయి, రజను తుడిచి, అంచులు గీకాకే భాగాలు ప్యానెల్ దగ్గరికి రావాలి. అల్యూమినియం రజను ఒక్క తునక పాట్‌లోకి దూరినా జీవితాంతం గరగర వినిపిస్తుంది.

బుష్ పక్కనే చిన్న పిన్ను పొడుచుకొచ్చి ఉంటుంది. చాలామంది దాన్ని కటింగ్ ప్లయర్‌తో తెంపేస్తారు. దయచేసి తెంపకండి. కంట్రోల్ శరీరం తిరగకుండా ఆపేది అదే. జంట షాఫ్ట్‌లో స్విచ్ మెట్లు దాటడానికి బలంగా తిప్పాలి. పిన్ను లేకపోతే కొన్ని నెలలకు నట్ వదులై మొత్తం భాగమే తిరిగి, వెనక వైర్లు తెగుతాయి. పిన్ను దూరాన్ని క్యాలిపర్‌తో కొలిచి ప్యానెల్ వెనకవైపు నుంచి చిన్న గుంట వేస్తే చాలు, ముందుకు కనిపించదు.

మందం లెక్క కూడా ముఖ్యం. 3 మిల్లీమీటర్ల ప్యానెల్, లాక్ వాషర్, నట్ కలిపి ఐదారు మిల్లీమీటర్ల మర కావాలి. అంతకంటే మందంగా ఉన్న అందమైన ముందు పలక పెట్టాలనుకుంటే లోపల 2 మిల్లీమీటర్ల రెండో రేకు పెట్టి కంట్రోళ్లను దానికి బిగించాలి. ముందు పలకలో షాఫ్ట్ మాత్రమే బయటికి వచ్చే రంధ్రం ఉంటే నట్‌లు కనపడవు, పలక మీద గీతలూ పడవు. ఇలాంటి పలకలో రంధ్రాలు కచ్చితంగా ఒకే కేంద్రంలో రావాలంటే చేతి డ్రిల్ కంటే అంబత్తూరులో యంత్రం మీద చేయించుకోవడం మేలు.

గుర్తులు గీయడంలో కోణాల లెక్క తప్పకూడదు. మామూలు పాట్ సుమారు 300 డిగ్రీలు తిరుగుతుంది. ఏడు గంటల దిక్కున మొదలై ఐదు గంటల దిక్కున ఆగుతుంది, మధ్య బిందువు పన్నెండు గంటల దిక్కు. 12 మెట్ల రోటరీ స్విచ్‌లో ఒక్కో మెట్టు 30 డిగ్రీలు. ఆరు ఫ్రీక్వెన్సీలు, ఒక 'ఆఫ్' కలిపి ఏడు స్థానాలకు ఆరు అడుగులు, అంటే 180 డిగ్రీలు. తొమ్మిది గంటల దిక్కు నుంచి మూడు గంటల దిక్కు దాకా సమంగా కుదురుతుంది. పన్నెండు మెట్ల స్విచ్‌ను ఏడు దగ్గర ఆపడానికి చాలా రకాల్లో నట్ కింద చిన్న స్టాప్ వాషర్ ఉంటుంది. దాన్ని సరైన గాడిలో పెట్టకుండా బిగిస్తే అన్నీ విప్పి మళ్లీ మొదలుపెట్టాల్సిందే.

రెండు నాబ్‌ల మధ్య అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు ఖాళీ వదలాలి. ఖాళీ లేకపోతే రింగ్ తిప్పినప్పుడు లోపలి నాబ్ కూడా దానితో పాటు జరుగుతుంది. ఫ్రీక్వెన్సీ మార్చానని ఆపరేటర్ అనుకుంటాడు, మోతాదు కూడా మారిపోయి ఉంటుంది.

టంకం వేసే ముందు

స్విచ్ కాళ్ల మధ్య రెసిస్టర్లు, కెపాసిటర్లు వేయాల్సి ఉంటే ప్యానెల్‌కు బిగించకముందే బల్ల మీద వేసుకోవాలి. పెట్టెలో బిగించాక వెనక కాళ్లకు ఐరన్ అందదు. పాట్ కాళ్లు రివిట్‌తో కార్బన్ ట్రాక్‌కు అంటుకుని ఉంటాయి. సుమారు 350 డిగ్రీల వేడిలో రెండు మూడు సెకన్లు చాలు. ఎక్కువసేపు ఉంచితే రివిట్ వదులవుతుంది, రోజిన్ కరిగి ట్రాక్ మీదికి పాకుతుంది. రేకుల పనికి వాడే యాసిడ్ ఫ్లక్స్ ఆడియో పని దరిదాపుల్లోకి రాకూడదు.

ఆడియో వైరుకు షీల్డ్ ఉన్నదే వాడి, ఆ షీల్డ్‌ను ఒక కొసనే గ్రౌండ్ చేయడం ఇంటి తయారీలో మంచి అలవాటు. పెట్టె లోపల రెండువైపులా కలిపితే గ్రౌండ్ వలయం ఏర్పడి హమ్ వచ్చే ప్రమాదం ఉంది. కంట్రోల్ లోహ శరీరం కూడా గ్రౌండ్‌కు తగలాలి. అనోడైజ్ చేసిన అల్యూమినియం పైపొర విద్యుత్తును పోనివ్వదు. నట్ కింద కొద్దిగా గీకకపోతే నాబ్ ముట్టుకున్నప్పుడల్లా బుర్రుమంటుంది.

వాల్యూమ్ పాట్ వెనకే 230 వోల్టుల మెయిన్స్ స్విచ్ ఉండే పాత పద్ధతిని వదిలేయడం మంచిది. సన్నని ఆడియో సిగ్నల్ పక్కనే మెయిన్స్ పోతే హమ్ తప్పదు. మెయిన్స్ స్విచ్, ఫ్యూజు వెనక పలక మీద ఉండాలి. లోహపు పెట్టెకు ఎర్త్ తప్పకుండా ఇవ్వాలి.

బిగించే ముందు చూసుకోవాల్సినవి

• రింగ్ ఏ భాగాన్ని తిప్పుతుంది, లోపలి నాబ్ దేన్ని తిప్పుతుంది?
• నాబ్‌ల జత రెండు షాఫ్ట్‌లకూ వదులు లేకుండా సరిపోయిందా?
• పాట్ లాగ్, లీనియర్‌లలో ఏది? మీటర్‌తో కొలిచారా?
• స్విచ్ షార్టింగ్, నాన్ షార్టింగ్‌లలో ఏది?
• స్టాప్ వాషర్ సరైన గాడిలో ఉందా? పిన్నుకు గుంట వేశారా?
• మెట్టు మారినప్పుడు 'టప్' అంటుందా? అంటే వదులుగా వేలాడే కెపాసిటర్ కొసలకు 1 మెగా ఓమ్ రెసిస్టర్‌తో గ్రౌండ్ దారి ఇవ్వండి.
• పాట్ తిప్పితే గరగరమంటుందా? ముందున్న కెపాసిటర్ డీసీని లీక్ చేస్తోందేమో కొలవండి, ఆ తర్వాతే క్లీనర్ కొట్టండి.

దొరకకపోతే ఏం చేయాలి?

సరైన జంట కంట్రోల్ ఎక్కడా దొరకలేదనుకుందాం. బోలు షాఫ్ట్ ఉన్న స్విచ్ ఒక్కటి చేతికి వస్తే మామూలు పాట్‌ను దాని వెనక విడి బ్రాకెట్ మీద నిలబెట్టి, సన్నని ఉక్కు కడ్డీని కప్లర్‌తో కలిపి స్విచ్ గుండా ముందుకు తేవచ్చు. కడ్డీ, బోలు షాఫ్ట్ ఒకే గీతలో ఉండాలి, వెంట్రుక వాసి తేడా వచ్చినా పట్టేస్తుంది. ఈ పని లేత్ మనిషితో కూర్చుని చేయించుకోవాల్సింది. ఇంకో దారి, డబుల్ రోటరీ ఎన్‌కోడర్ పెట్టి మైక్రోకంట్రోలర్ ద్వారా రిలేలను నడపడం. అప్పుడు నాబ్ దగ్గర ఆడియో సిగ్నలే ఉండదు, లోపలి బోర్డు మీద రిలేలు రెసిస్టర్లను మారుస్తాయి. సాఫ్ట్‌వేర్ తెలిసిన కుర్రాళ్లకు ఇది మంచి మార్గం.

ఏ దారీ కుదరకపోతే రెండు నాబ్‌లను ఒకదాని కింద ఒకటి, బొటనవేలికి, చూపుడువేలికి ఒకేసారి అందేంత దగ్గరగా పెట్టండి. కలిసి తీసుకునే నిర్ణయాలు ఒకే చేతికి అందాయా లేదా అన్నదే ఇక్కడ ప్రశ్న.

సర్క్యూట్ కంటే ముందు ప్యానెల్

మన ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో ఎలక్ట్రానిక్స్ అంటే సర్క్యూట్ లెక్కలు. లోహపు పని ఇంకో ట్రేడ్. ఈ విభజన వల్ల మంచి సర్క్యూట్ రాయగలిగిన కుర్రాడు కూడా దాన్ని పెట్టెలో పెట్టేసరికి తడబడతాడు. నాబ్ వంకరగా ఉంటుంది, గుర్తులు కుదరవు, ఏడాదికే వైరు తెగుతుంది. ఆ పరికరం గుడిలో, పెళ్లిలో, బడి ఉత్సవంలో ఒకసారి మొరాయిస్తే జనం ఇంట్లో కట్టిన సెట్‌ను ఇక నమ్మరు. తప్పు సర్క్యూట్‌ది కాదు, దాని ముందు పలకది.

కాన్సెంట్రిక్ కంట్రోల్ బిగించడం ఈ లోపాన్ని సరిదిద్దే పాఠం. దానికి షాఫ్ట్ కొలత కావాలి, కోణం లెక్క కావాలి, కాంటాక్ట్ తీరు తెలియాలి, టంకం వేసే నేర్పు ఉండాలి, లేత్ షాపు మనిషితో మాట్లాడే ఓపిక కావాలి. అన్నిటికంటే ముందు ఆ పరికరం ముందు కూర్చునే ఆపరేటర్ చెయ్యి ఎలా కదులుతుందో ఊహించాలి. ఆ ఊహ నుంచి ప్యానెల్ గీసి, ప్యానెల్ నుంచి కంట్రోల్ ఎంచుకుని, కంట్రోల్‌కు తగ్గట్టు సర్క్యూట్ బోర్డు వేసుకుంటే పని సరైన వరసలో సాగుతుంది. ఇప్పుడు మనవాళ్లు ఎక్కువమంది దీనికి తలకిందులుగా చేస్తున్నారు. బోర్డు అయ్యాక పెట్టె, పెట్టె అయ్యాక నాబ్ వెతుకుతున్నారు.

తిరువళ్లూరు, తిరుత్తణి పల్లెల్లో ఆడియో మీద మమకారం ఉన్న యువకులకు దూరం, ఖర్చు అడ్డు కావు. భాగాల బజారుకూ లేత్ షాపుకూ ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. కాబట్టి తర్వాతి సెట్ మొదలుపెట్టేటప్పుడు సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకముందే కాగితం మీద ప్యానెల్ గీయండి. ఏ రెండు నిర్ణయాలు కలిసి ఉండాలో గుర్తు పెట్టండి, వాటికి తగిన కంట్రోల్, నాబ్‌ల జత చేతిలోకి వచ్చాకే రంధ్రం వేయండి. అలా కట్టిన సెట్‌ను ఊరి ఉత్సవంలో ఏ ఆపరేటర్ చేతికైనా నిశ్చింతగా ఇవ్వవచ్చు.